ప్రేమపాట వెనుక ప్రేరణ: ఎంకి, కిన్నెరసాని

1.0 లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరవాత మీరు:
• ప్రేమపాటకు ‘ప్రేరణ’ అన్నప్పుడు అందులో ఏయే అంశాలు ఉంటాయో విడదీసి చెప్పగలుగుతారు.
• ఎంకి పాటలు, కిన్నెరసాని పాటలు పుట్టిన సందర్భాలను వివరించగలుగుతారు.
• కవి జీవితాన్ని ఆధారంగా తీసుకొని పాటను వ్యాఖ్యానించేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలను గుర్తించగలుగుతారు.
• మీ ఊళ్లో ఒక ప్రేమపాటను సేకరించేటప్పుడు పాడేవారిని ఏమి అడగాలో, ఏమి అడగకూడదో నిర్ణయించుకోగలుగుతారు.

1.1 పరిచయం

మంచి ప్రేమపాట విన్నప్పుడు చాలామందికి మొదట కలిగే సందేహం ఒకటే: ‘ఇది ఎవరి మీద కట్టిన పాట?’ పాటలోని బావ నిజంగా ఉన్నాడా? ఆ పిల్ల ఏ ఊరి పిల్ల? సినిమా పాట అయితే రాసినవారి పెళ్లి గురించి ఆరా తీస్తాం. నాటు వేస్తూ పాడిన పాట అయితే పాడినామె వంక చూసి నవ్వుకొంటాం.

ఈ సందేహం తప్పేమీ కాదు. పాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడం సాహిత్య విద్యార్థి పనే. అయితే ఈ ప్రశ్నకు తొందరపడి చెప్పే జవాబు రెండు విధాలుగా నష్టం చేస్తుంది. మొదటిది, పాటను ఒక వ్యక్తి కథగా కుదించేస్తుంది. రెండవది, బతికి ఉన్న మనిషిని, ముఖ్యంగా పల్లెలో పాడే స్త్రీని, ఊరి మాటలకు గురి చేస్తుంది. మీలో చాలామంది వరంగల్, హనుమకొండ, జనగామ, మహబూబాబాద్, ములుగు ప్రాంతాల నుంచి ఈ పాఠం చదువుతుంటారు. మీ ఇంట్లోనో, మీ వాడలోనో పాటలు తెలిసిన పెద్దవారు ఉండే ఉంటారు. కాబట్టి ఇది పరీక్ష కోసం మాత్రమే చదివే పాఠం కాదు.

1.2 ప్రేరణలోని మూడు పొరలు

‘ప్రేరణ’ అనే మాటను మనం సాధారణంగా ఒక వ్యక్తి అన్న అర్థంలో వాడుతాం. నిజానికి అందులో కనీసం మూడు పొరలు ఉంటాయి.

మొదటిది జీవితానుభవం. కవి ప్రేమించిన మనిషి, ఎడబాటు, పెళ్లి, మరణం వంటివి ఇందులోకి వస్తాయి. రెండవది నాదం. ఒక వరుస, ఒక లయ, చెవిన పడిన ఒక పల్లవి ముందు వచ్చి, మాటలు దాని వెంట రావచ్చు. మూడవది సంప్రదాయం. ప్రియుణ్ణి ‘బావా’ అని పిలవడం, రాత్రివేళ ఎదురుచూడడం, ఏరు దాటి రావడం వంటివి ఏ ఒక్కరి అనుభవమూ కావు; పాటలు కట్టేవారందరికీ అందుబాటులో ఉన్న ఉమ్మడి సొత్తు.

ఈ మూడూ ఒకే పాటలో ఎలా కలుస్తాయో చూడడానికి ఒక విదేశీ ఉదాహరణ తీసుకొందాం. అమెరికా పల్లె ప్రాంతాల పాటల నుంచి పెరిగిన సంగీత శాఖను ‘కంట్రీ’ సంగీతం అంటారు. అందులో పేరు పొందిన గాయకుడు జానీ క్యాష్. ఆయన 1956లో ‘ఐ వాక్ ద లైన్’ అనే పాటను రికార్డు చేశాడు. ఊరూరా కచేరీలకు తిరుగుతున్న భర్త, ఇంటి దగ్గర ఉన్న భార్యకు తాను దారి తప్పనని ఇచ్చిన మాట ఆ పాట. అప్పటి ఆయన భార్య వివియన్. ఇది జీవితానుభవం అనే పొర. కాని ఆ పాట వరుసకు బీజం వేరేచోట పడింది. అంతకుముందు వైమానిక దళ ఉద్యోగిగా జర్మనీలో ఉన్నప్పుడు, టేపు వెనకకు తిరిగినప్పుడు వినిపించిన వింత నాదం తన మనసులో నిలిచిపోయిందని ఆయన చెప్పుకొన్నాడు. భార్యకు ఇచ్చిన మాటా, తిరగబడిన టేపూ రెండూ ఆ పాటకు ప్రేరణలే.

అదే గాయకుడు 1963లో పాడిన ‘రింగ్ ఆఫ్ ఫైర్’ సంగతి మరింత చిక్కైనది. ఆ పాటను జూన్ కార్టర్, మెర్ల్ కిల్గోర్ కలిసి రాసినట్టుగా నమోదైంది. ఇద్దరికీ వేరువేరుగా పెళ్లిళ్లయి ఉన్న కాలంలో జానీ మీద తనకు కలిగిన ప్రేమే ఆ పాట అని జూన్ చెప్పింది. తరవాత 1968లో వారిద్దరూ పెళ్లి చేసుకొన్నారు. మొదటి భార్య వివియన్ మాత్రం తన జ్ఞాపకాల పుస్తకంలో ఆ వాదాన్ని తోసిపుచ్చింది. పాట రాసింది జానీయే అన్నది. ఒకే పాటకు రెండు పుట్టుక కథలు. పాటను విని వాటిలో ఏది నిజమో తేల్చలేం. ప్రేరణ కథకు పాట సాక్ష్యం కాలేదన్న సంగతి ఇక్కడ గమనించండి.

1.3 ఎంకి ఎవరు?

తెలుగులో ‘ఇది ఎవరి గురించి?’ అన్న ప్రశ్న ఎక్కువగా ఎదుర్కొన్న పాటలు ఎంకి పాటలు. వీటిని రాసినవారు నండూరి వెంకట సుబ్బారావుగారు (1895–1957). ఆయనది పశ్చిమ గోదావరి ప్రాంతం. ఏలూరులో న్యాయవాదిగా పనిచేశారు. ఎంకి పాటలు పుస్తకంగా 1925లో వచ్చాయి. ఎంకి, నాయుడుబావ అనే పల్లె ప్రేమికుల కూడికలూ, ఎడబాట్లూ, అలకలూ, యాత్రలూ వీటిలోని విషయం. భాష పల్లెజనం నోటి భాష.

పాటలు ప్రచారంలోకి వచ్చిన నాటి నుంచి పాఠకులు ఎంకి కోసం వెతుకుతూనే ఉన్నారు. ఇంత సజీవంగా ఉన్న పిల్ల ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుందని వారి నమ్మకం. మనం ఇప్పుడు మూడు పొరల పద్ధతిలో ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

(అ) పుట్టిన సందర్భం: సుబ్బారావుగారు మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదువుతున్న రోజుల్లో, 1917–18 ప్రాంతంలో, ట్రాములో ఇంటికి తిరిగివస్తుండగా తొలి పాట పల్లవి మనసులో మెదిలింది. ఆ సందర్భాన్ని మీరు ఊహించుకోండి. పొలం లేదు, ఏరు లేదు, ఎదురుగా పల్లెపడుచూ లేదు. పట్టాల మీద ట్రాము, చుట్టూ పరభాషల సందడి, గోదావరి సీమకు దూరంగా ఉన్న ఒక యువకుడు. అలాంటిచోట పల్లెభాషలో పాట పుట్టింది. దీన్నిబట్టి ఆ పాటకు ఒక మనిషి ఎంత కారణమో, దూరమైన ఊరూ ఆ ఊరి మాటా కూడా అంతే కారణం కావచ్చునని అనుకోవడానికి వీలుంది.

(ఆ) మిత్రబృందం: ఆ కాలంలో మద్రాసులో చదువుకొంటున్న తెలుగు యువకులు కొత్త కవిత్వం మీద ఉత్సాహంతో ఉండేవారు. గేయకవి బసవరాజు అప్పారావు (1894–1933) సుబ్బారావుగారికి ఆప్తుడు. గురజాడ ‘ముత్యాల సరాలు’ 1910లోనే వచ్చింది. గిడుగు రామమూర్తి నడిపిన వ్యావహారిక భాషోద్యమం వాడుకమాటకు గౌరవం తెస్తున్నది. భావకవులు ప్రేయసిని ఊహాలోకంలో నిలిపి పాడుతున్నారు. ఈ వాతావరణం లేకపోతే పల్లెపిల్ల నాయికగా, ఆమె మాటే కావ్యభాషగా నిలిచే పాటలు పుస్తకరూపం పొందేవి కావేమో.

(ఇ) పేరు: ‘ఎంకి’ అంటే వెంకి, వెంకమ్మ, వెంకటలక్ష్మి వంటి పేర్లకు ముద్దుపేరు. పలుకుబడిలో మొదటి ‘వ’కారం జారిపోవడం మీకు తెలిసినదే: వెంకన్న ఎంకన్న అవుతాడు, వెళ్లి ఎల్లి అవుతుంది. ఇది ఆ కాలంలో ఊరూరా వినిపించే పేరు. కవి పేరులోనూ ‘వెంకట’ ఉన్నది. దీన్ని చూసి ఎంకి కవి మనసుకే మరో రూపమని ఎవరైనా అనవచ్చు. అది అందమైన ఊహ. ఆధారం మాత్రం కాదు. అంతటా ఉన్న పేరు ఏ ఒక్కరినీ పట్టి ఇవ్వదు.

(ఈ) ఎంకి గొంతు: అన్నిటికంటె బలమైన ఆధారం పాటల్లోనే ఉన్నది. కొన్ని పాటల్లో నాయుడుబావ ఎంకిని గురించి చెబుతాడు. మరికొన్నిటిలో ఎంకే మాట్లాడుతుంది: దూరాన ఉన్న బావకు ఏమైందోనని బెంగపడుతుంది, అతనితో వాదిస్తుంది. రాత్రివేళ భయం మాని అతని కోసం వస్తుంది. భావకవిత్వంలోని ప్రేయసి చాలాచోట్ల కవి చూపుకు వస్తువు. ఆమె మాట మనకు వినిపించదు. ఎంకికి మాత్రం నోరుంది. కవి ఒక స్త్రీని చూసి వర్ణించడంతో ఆగలేదు. ఆమె లోపలి నుంచి మాట్లాడే ప్రయత్నం చేశాడు. ఆ పని చేయడానికి ఒక్క మనిషి పరిచయం చాలదు. ఎందరో స్త్రీల మాటతీరు, పాటతీరు చెవిన పడి ఉండాలి.

కాబట్టి ‘ఎంకి ఎవరు?’ అన్న ప్రశ్నకు మీరు రాయవలసిన సమాధానం ఒక పేరు కాదు. దూరమైన ఊరు, చెవిలో మిగిలిన పల్లెమాట, ఆ నాటి కొత్త కవిత్వపు గాలి, మనసులో మెదిలిన ఒక పల్లవి కలిస్తే ఎంకి.

మీ అభివృద్ధిని పరీక్షించుకోండి – 1
1. ప్రేరణలోని మూడు పొరలు ఏవి?
2. ఎంకి పాటల తొలి పల్లవి ఏ సందర్భంలో పుట్టింది?
3. ఎంకికి ‘నోరుంది’ అనడంలో అర్థం ఏమిటి?

1.4 తాడ్వాయి కొండల్లో పుట్టిన కిన్నెర

ఇప్పుడు మన ప్రాంతానికి దగ్గరగా ఉన్న మరో ఉదాహరణ చూద్దాం. మేడారం జాతరకు వెళ్లినవారికి తాడ్వాయి అడవి తెలుసు. పాత వరంగల్ జిల్లాలో ఉండి, ఇప్పుడు ములుగు జిల్లాలోకి వచ్చిన ఆ కొండల్లో కిన్నెరసాని పుడుతుంది. అక్కడి నుంచి పాల్వంచ వైపు సాగి, భద్రాచలానికి దిగువన బూర్గంపాడు ప్రాంతంలో గోదావరిలో కలుస్తుంది.

ఆ వాగు మీద విశ్వనాథ సత్యనారాయణగారు (1895–1976) రాసిన గేయకావ్యమే ‘కిన్నెరసాని పాటలు’. తెలుగుకు తొలి జ్ఞానపీఠ పురస్కారం తెచ్చినవారుగా మీకు ఆయన తెలిసే ఉంటారు. సుబ్బారావుగారూ ఆయనా పుట్టింది ఒకే సంవత్సరం. ఇద్దరూ గేయంలో ప్రేమకథ చెప్పారు. కాని ప్రేరణ వచ్చిన దారులు వేరు. ఎంకి విషయంలో ఊరు కవికి దూరంగా ఉన్నది. కిన్నెర విషయంలో వాగు కళ్లెదుట ఉన్నది.

కథను క్లుప్తంగా చెప్పుకొందాం. కిన్నెర కొత్తకోడలు. అత్త మాటలు పడలేక అడవిలోకి వెళ్లిపోతుంది. భర్త వెదుకుతూ వచ్చి ఆమెను కౌగిలించుకొంటాడు. ఆ కౌగిలిలోనే ఆమె కరిగి నీరై ప్రవహిస్తుంది. అతడు శిల అయిపోతాడు. ఆగి ఉందామన్నా నీటికి ఆగడం చేతకాదు, వెనకకు పోదామన్నా దారి లేదు. విలపిస్తూ సాగిన ఆమెను సముద్రుడు కోరుకొంటాడు. గోదావరి తల్లిలా ఆమెను తనలో కలుపుకొని కాపాడుతుంది.

ఇప్పుడు మ్యాపు తీసి చూడండి. కొండల్లో పుట్టిన వాగు సముద్రం చేరకముందే గోదావరిలో కలవడం భౌగోళిక సత్యం. నీరు నిలవకపోవడం, రాయి కదలకపోవడం ప్రకృతి ధర్మం. ఈ రెండిటి నుంచి కవి ఒక దాంపత్య విషాదాన్ని అల్లాడు. ఇక్కడ ప్రేమపాటకు ప్రేరణ ఒక స్త్రీ కాదు, ఒక ప్రవాహం. అయితే అత్తింటి మాటలు పడలేని కోడలు మాత్రం ప్రకృతిలో దొరికేది కాదు. అది మన ఇళ్లలో నుంచి వచ్చింది. వాగు కథకు ఆకారం ఇచ్చింది, సమాజం దానికి దుఃఖాన్ని ఇచ్చింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. విశ్వనాథగారి భార్య వరలక్ష్మమ్మగారు చిన్న వయసులోనే మరణించారు. ఆ దుఃఖంతో ఆయన ‘వరలక్ష్మీ త్రిశతి’ రాశారు. ఈ సంగతి తెలిసిన విద్యార్థి వెంటనే, ‘కిన్నెర ఆయన భార్యే’ అని రాసే అవకాశం ఉంది. కాని కిన్నెరసాని పాటలు 1920ల నాటివి. భార్య మరణం ఆ తరవాత జరిగింది. జరగని విషాదం ముందే రాసిన పాటకు కారణం కాలేదు. జీవితానికీ రచనకూ ముడిపెట్టే ముందు తేదీలు సరిచూడడం మొదటి నియమం. వరలక్ష్మీ త్రిశతి విషయంలో అనుమానానికి తావు లేదు. అక్కడ కవే పేరు పెట్టి చెప్పుకొన్నాడు.

1.5 పాట పేరు మిగిలింది, పాడినవారి పేరు మిగలలేదు

ఇంతవరకు చూసిన పాటలకు కర్తలు ఉన్నారు. వారి పుట్టిన సంవత్సరాలు, చదువులు, స్నేహాలు మనకు తెలుసు. పొలాల్లో, జాతరల్లో పుట్టిన పాటల సంగతి వేరు.

జనగామ జిల్లా పాలకుర్తి పేరుతో ముడిపడిన పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లో తన కాలపు పాటల రకాలను పేర్కొన్నాడు: తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు మొదలైనవి. అంటే ఇక్కడ దేశి పాటకు కనీసం ఏడు వందల ఏళ్ల చరిత్ర ఉన్నది. ఆ పట్టికలో పాటల పేర్లు ఉన్నాయి. పాడినవారి పేర్లు లేవు. వెన్నెల పదం ఎవరు కట్టారో, ఎవరిని తలచుకొని కట్టారో ఎవరూ రాసిపెట్టలేదు.

ఆధునిక కాలంలో ఈ పాటలను విశ్వవిద్యాలయ పరిశోధనలోకి తెచ్చినవారు ఆచార్య బిరుదురాజు రామరాజు. ఆయన 1925లో వరంగల్ ప్రాంతంలోని దేవనూరులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జానపద గేయాల మీద పరిశోధన చేసి డాక్టరేటు పొందారు. ఆ గ్రంథం ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ పేరుతో 1958లో వెలువడింది. తరవాత వచ్చిన సేకర్తలకు అది దారి చూపింది.

జానపద ప్రేమపాటలో మూడవ పొర, అంటే సంప్రదాయం, అన్నిటికంటె దట్టంగా ఉంటుంది. నాటు వేసేటప్పుడు ఒకరు చెబితే మిగతావారు అందుకొంటారు. ఒకామె చరణం కలుపుతుంది, మరొకామె పేరు మారుస్తుంది. పుట్టింటి ఊళ్లో నేర్చుకొన్న పాటను అత్తగారి ఊళ్లో పాడుతుంది. అక్కడ ఊరి పేరు మారుతుంది. పాటలోని ‘బావ’ ఆమె మేనబావ కానవసరం లేదు. అయితే పాడే మనిషికి పాటతో సంబంధమే లేదని కూడా అనుకోకూడదు. వందల పాటలు తెలిసినామె ఆ రోజు ఆ పాటనే ఎందుకు ఎత్తుకొన్నదో ఆమెకే తెలుసు. ఉమ్మడి పాటలో తన బాధను దాచుకొని చెప్పుకోవడం జానపద స్త్రీలకు దొరికిన స్వేచ్ఛ. పాట అందరిదీ కాబట్టే ఆమె నిర్భయంగా పాడగలిగింది.

1.6 మీరు పాట సేకరించేటప్పుడు

ఆ స్వేచ్ఛను సేకర్త పోగొట్టకూడదు. పట్నంలో ఉన్న కవి ప్రేమకథ బయటపడితే అది సాహిత్య చర్చ అవుతుంది. ఊళ్లో కూలికి వెళ్లే స్త్రీ పాడిన పాటకు ఒక మగవాడి పేరు తగిలిస్తే, అది ఆమె కాపురాన్ని కదిలించవచ్చు. సెల్‌ఫోనులో రికార్డు చేసి నిమిషాల్లో వందలమందికి పంపగలిగే ఈ రోజుల్లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

దీనికి ఎదురుగా మరో అన్యాయం కూడా ఉంది. పాడినామె పేరు రాయకుండా పాటను మాత్రమే తీసుకొంటే, ఆ పాట ఎక్కడికి వెళ్లి ఎంత పేరు తెచ్చుకొన్నా అందులో ఆమెకు భాగం ఉండదు. ఏడు వందల ఏళ్ల కిందటి లోపాన్ని మనం మళ్లీ చేసినట్టవుతుంది. ఈ రెండిటినీ దృష్టిలో పెట్టుకొని కింది పద్ధతిని పాటించండి.

1. ముందు అనుమతి అడగండి. రికార్డు చేస్తున్నామనీ, అది ఎక్కడికి వెళుతుందో కూడా చెప్పండి.
2. ‘ఇది ఎవరి మీద పాట?’ అని అడగకండి. ‘అవ్వా, ఈ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నవ్? ఏ పని చేసేటప్పుడు పాడేటోళ్లు?’ అని అడగండి. జవాబుగా ఆమె బాల్యం, తల్లి, ఊరు, పని అన్నీ వాటంతట అవే వస్తాయి.
3. ఆమె ఒప్పుకొంటే ఆమె పేరు, ఊరు, తేదీ తప్పక రాయండి. వద్దంటే రాయకండి.
4. ఆమె తనంతట తాను సొంత సంగతి చెబితే వినండి. దాన్ని నోటుపుస్తకంలోకి ఎక్కించే ముందు మరోసారి అడగండి.
5. పాటలో వచ్చిన పేర్లను, ఊళ్లను ఉన్నవి ఉన్నట్టుగా రాయండి. వాటికి నిజజీవితంలో అర్థాలు మీరు కల్పించకండి.

ఒక్క మాటలో చెప్పాలంటే: పాడినవారి పేరు నిలపాలి, పాటలో దాగినవారి పేరును దాగి ఉండనివ్వాలి.

మీ అభివృద్ధిని పరీక్షించుకోండి – 2
1. కిన్నెరసాని కథలో ప్రకృతి నుంచి వచ్చిన అంశాలు ఏవి, సమాజం నుంచి వచ్చినది ఏది?
2. కిన్నెర పాత్రను కవి భార్యగా గుర్తించడం ఎందుకు సరికాదు?
3. జానపద గాయకురాలి పేరు నమోదు చేయడం ఎందుకు అవసరం?

1.7 సారాంశం

ప్రేమపాటకు ప్రేరణ ఒక వ్యక్తి మాత్రమే కాదు. జీవితానుభవం, నాదం, సంప్రదాయం అనే మూడు పొరలు అందులో కలిసి ఉంటాయి. జానీ క్యాష్ పాటల్లో ఈ కలయికనూ, పుట్టుక కథల మధ్య వచ్చే వివాదాన్నీ చూశాం. నండూరి ఎంకికి ఒక్క మూలమూర్తిని వెతకడం కంటె, దూరమైన పల్లెభాష ఆమెలో ఎలా గొంతు పొందిందో పరిశీలించడం ఎక్కువ ఫలితాన్నిస్తుంది. విశ్వనాథ కిన్నెరకు ప్రేరణ తాడ్వాయి కొండల్లో పుట్టిన వాగు. ఆమె దుఃఖం మాత్రం మన ఇళ్లది. జీవితాన్నీ రచననూ ముడిపెట్టేటప్పుడు కవి స్వయంగా చెప్పిన మాటను, తేదీలను ఆధారంగా తీసుకోవాలి. జానపద ప్రేమపాటల విషయంలో గాయకురాలి గౌరవం, ఆమెకు దక్కవలసిన గుర్తింపు రెండూ సేకర్త బాధ్యతలే.

1.8 కఠిన పదాలు

గేయకావ్యం: పాడుకోవడానికి వీలైన పాటల రూపంలో ఉన్న కావ్యం
దేశి: ప్రజల వాడుకలో పుట్టి పెరిగిన కవితా పద్ధతి
భావకవిత్వం: కవి తన అనుభూతికి ప్రాధాన్యమిచ్చి రాసే ఆత్మాశ్రయ కవిత్వం
మూలమూర్తి: పాత్రకు ఆధారమైన నిజమైన వ్యక్తి
సేకర్త: పాటలను, కథలను ప్రజల నోట విని నమోదు చేసే వ్యక్తి

1.9 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ‘ఎంకి ఎవరు?’ అన్న ప్రశ్నను మూడు పొరల పద్ధతిలో చర్చించండి.
2. ఎంకి పాటలు, కిన్నెరసాని పాటలు పుట్టిన తీరులను పోల్చి రాయండి.

II. కింది ప్రశ్నలకు 15 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. జానపద ప్రేమపాటలో సంప్రదాయం పాత్రను వివరించండి.
2. పాటల సేకరణలో పాటించవలసిన పద్ధతులను పేర్కొనండి.

III. క్షేత్ర కార్యం
మీ ఊళ్లో పెద్దవారి దగ్గర ఒక ప్రేమపాటను విని, 1.6లోని పద్ధతి ప్రకారం నమోదు చేయండి. పాట ఎవరి దగ్గర నేర్చుకొన్నారు, ఏ పనిలో పాడేవారు, ఇప్పుడు పాడేవారు ఉన్నారా అన్న మూడు విషయాలతో ఒక పుట రాయండి. సంప్రదింపు తరగతికి వచ్చేటప్పుడు వెంట తీసుకురండి. అంతకంటె ముందు, రాసినదాన్ని పాట చెప్పినవారికి చదివి వినిపించండి.